పిక్క, విత్తనం, సీడ్... ఉద్దానం బడిలో ఒక్క గింజకు ఇన్ని పేర్లా? పిల్లలకు పాఠాల్లోని మాటలు ఎలా నేర్పాలి?

పలాస, కాశీబుగ్గ వైపు జీడిగింజను 'పిక్క' అంటారు. మామిడిదీ పిక్కే, చింతదీ పిక్కే, పనసదీ పిక్కే. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో 'పిక్క' అంటే కాలి వెనక పట్టేసే కండరం మాత్రమే. ఉద్దానం పిల్లలు బడికి వెళ్లగానే ఆ పిక్క కాస్తా 'విత్తనం' అవుతుంది. పుస్తకంలో ఎదుటి పేజీకి చూపు తిప్పితే 'సీడ్' అవుతుంది. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలకైతే దీనికి ముందే 'మొంజి' అనే ఇంకో పేరు కూడా ఉంటుంది.

ఒక వస్తువుకు నాలుగు పేర్లు ఉండటం తప్పు కాదు. అవన్నీ ఒకే వస్తువుకు పేర్లని పిల్లలకు ఎవరూ చెప్పకపోవడమే అసలు ఇబ్బంది. మూడో తరగతి నుంచి గణితం, పరిసరాల విజ్ఞానం పాఠాల్లో ఇలాంటి కొత్త మాటలు వరసగా వచ్చిపడతాయి. అక్కడ మాట అందకపోతే పాఠం అందదు. పాఠం అందని పిల్లలు వెనకబడ్డారని అంటాం గానీ, చాలాసార్లు వాళ్లకు విషయం తెలిసే ఉంటుంది, దాని పేరే తెలియదు. కొన్నిసార్లు దీనికి పూర్తిగా తిరగబడి, పేరు తెలిసినా విషయం తెలియని పరిస్థితి కూడా ఉంటుంది. ఈ రెండో రకం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది పరీక్షలో బయటపడదు.

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి, ఉద్దానం తీరాన్ని ఉదాహరణగా తీసుకుని దీన్ని చూద్దాం.

అసలు 'సబ్జెక్టు మాటలు' అంటే ఏవి?

అమెరికాలో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్ అనే విద్యా పరిశోధకులు మాటలను మూడు అంతస్తులుగా విడదీశారు. మొదటిది రోజూ ఇంట్లో వాడేవి: నీళ్లు, చెట్టు, పరుగు. మూడోది ఒక సబ్జెక్టుకే పరిమితమైనవి: హారం, బాష్పీభవనం, అక్షాంశం. ఈ రెండింటి మధ్య ఒక అంతస్తు ఉంది. పోల్చండి, వర్గీకరించండి, అంచనా వేయండి, కారణం తెలపండి. ఏ సబ్జెక్టు పుస్తకం తెరిచినా ఇవి కనిపిస్తాయి. కానీ ఏ సబ్జెక్టు టీచరూ ఇవి తన పని అనుకోరు. సైన్సు టీచరు వీటిని భాష టీచరు చెబుతారనుకుంటారు, భాష టీచరు పద్యం అర్థంలో ఉంటారు.

'కింది వాటిని వర్గీకరించండి' అనే ప్రశ్న చూసి పలాస పిల్లాడు పెన్ను కొరుకుతూ కూర్చున్నాడనుకుందాం. వాళ్లమ్మ జీడిపప్పు పరిశ్రమలో పని చేస్తుంటే, ఆమె రోజంతా చేసేది వర్గీకరణే. గుండు ఒక కుప్ప, బద్ద ఒక కుప్ప, ముక్క ఒక కుప్ప. గుండులో మళ్లీ సైజును బట్టి, రంగును బట్టి వేర్వేరు. దాన్ని అక్కడ 'గ్రేడింగ్' అంటారు. "వర్గీకరించడమంటే అమ్మ చేసే గ్రేడింగే రా" అని ఒక్క ముక్క చెబితే ఆ పిల్లాడు ఆ ప్రశ్నకే కాదు, ఇక ముందు వచ్చే అలాంటి ప్రశ్నలన్నింటికీ జవాబు రాయగలడు.

హారం అంటే దండ కాదు

గణితంలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ చాలా మాటలు పిల్లలకు ముందే తెలుసు, కానీ వేరే అర్థంతో తెలుసు. హారం అంటే మెడలో వేసేది. ఘనం అంటే గొప్ప. తేడా అంటే ఏదో పొరపాటు జరిగిందని. 'పన్నెండుకు, ఏడుకు తేడా ఎంత?' అని అడిగితే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అని చెప్పే పిల్లలు ఉంటారు. ఆ జవాబు తప్పు అనడానికి లేదు, తేడా అదే కదా! ఇంగ్లిష్‌లోనూ ఇదే గొడవ: టేబుల్ అంటే బల్లా, ఎక్కమా? వాల్యూమ్ అంటే టీవీ రిమోట్‌లో ఉండేదా, డబ్బాలో పట్టేదా?

కొత్త మాటకు కొత్త చోటు దొరుకుతుంది. తెలిసిన మాటకు కొత్త అర్థం రావాలంటే, ముందున్న అర్థాన్ని కాస్త పక్కకు జరపాలి. ఆ పని ఎవరో ఒకరు పైకి చెప్పి చేయాలి. "ఇంట్లో హారం వేరు, లెక్కల్లో హారం వేరు" అనే వాక్యం పుస్తకంలో ఉండదు, టీచరు నోటి నుంచే రావాలి.

హారంతోనే ఇంకో తంటా కూడా ఉంది. నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అంటే, నాలుగు కంటే ఎనిమిది పెద్దది కాబట్టి ఎనిమిదో వంతే పెద్దదని పిల్లలు అంటారు. ప్రపంచమంతా పిల్లలు చేసే పొరపాటే ఇది. ఇక్కడ పలాసకు ఒక సౌలభ్యం ఉంది. జీడిపప్పు గ్రేడుల్లో డబ్ల్యూ-180, డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని ఉంటాయి. ఆ అంకె ఒక పౌండుకు, అంటే సుమారు 454 గ్రాములకు, గరిష్ఠంగా ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. 180 రకం పప్పు లావుగా ఉంటుంది, ధర ఎక్కువ. 320 రకం చిన్నది. అంకె పెరిగితే పప్పు చిన్నదవుతుంది. ఇంట్లో ఎవరైనా ఈ పనిలో ఉన్న పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు. ఒకే బరువును ఎక్కువ పాళ్లు చేస్తే ఒక్కో పాలు చిన్నదవుతుందని వాళ్లకు చేతి మీద తెలుసు. ఆ తెలిసినదానికి 'హారం' అని పేరు పెడితే చాలు. పై తరగతుల్లో 'విలోమానుపాతం' అనే భయపెట్టే మాట వచ్చినప్పుడు కూడా ఇదే డబ్ల్యూ-320 అక్కరకొస్తుంది.

అయితే ఒక తెలుగు మాట పక్కన ఒక ఇంగ్లిష్ మాట రాసిస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకో జీడిపండే చెబుతుంది.

విత్తనం పండు లోపల ఉంటుందని పాఠం చెబుతుంది. ఉద్దానం పిల్లలు చూసే జీడిపండుకు పిక్క బయట, కింద వేలాడుతూ ఉంటుంది. కాస్త చురుకైన పిల్ల "మా తోటలో అలా లేదు మాస్టారూ" అనే అడుగుతుంది. ఆ ప్రశ్నకు విలువివ్వాలి. వృక్షశాస్త్రం ప్రకారం మనం జీడిపండు అని పిలిచే ఎర్రటి, పచ్చటి రసం కాయ అసలు పండే కాదు. పువ్వును మోసిన కాడ ఉబ్బి అలా తయారవుతుంది. దాన్ని అనృతఫలం అంటారు, అంటే 'నిజం కాని పండు'. కింద వేలాడే బూడిదరంగు పిక్కే నిజమైన పండు. దాని గట్టి తొక్క లోపల ఉన్న పప్పే విత్తనం. అంటే పుస్తకం చెప్పింది నిజమే, విత్తనం పండులోపలే ఉంది. మనం పండు అనుకున్నది పండు కాదు, అంతే.

ఇప్పుడు మొదటికి రండి. 'పిక్క అంటే విత్తనం, విత్తనం అంటే సీడ్' అని బోర్డు మీద రాసి ఊరుకుంటే ఏమవుతుంది? మామిడి, చింత దగ్గర అది దాదాపుగా పని చేస్తుంది. ఉద్దానం పిల్లలు రోజూ చూసే జీడి దగ్గరే తప్పవుతుంది. ఊరి మాట గీసిన గీత ఒకచోట, శాస్త్రం గీసిన గీత ఇంకోచోట ఉన్నాయి. ఆ రెండు గీతలనూ చూపించడమే సబ్జెక్టు మాట నేర్పడం. అందుకు ఒక జీడిపండు, ఒక కత్తిపీట, ఇరవై నిమిషాలు చాలు. పచ్చి పిక్క తొక్కలోని జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి కోసే పని మాత్రం టీచరే చేయాలి. ఆ జాగ్రత్త ఉద్దానం పిల్లలే టీచరుకు చెబుతారు.

పుస్తకంలో రెండు భాషలు ఎందుకున్నాయి?

2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. మాతృభాషలో బోధన వీలైనంత వరకు ఉండాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే చెప్పడం మంచిదని 2020 జాతీయ విద్యావిధానం అంటోంది. తల్లిదండ్రుల్లో చాలామంది ఇంగ్లిష్ కావాలంటున్నారు. ఈ లాగులాటలోంచి వచ్చినవే ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు. 2020-21 నుంచి ఇవి పిల్లల చేతికి వచ్చాయి.

మీడియం గొడవలో ఎవరిది ఒప్పన్నది ఇక్కడ తేల్చబోవడం లేదు. కానీ ఆ పుస్తకం గురించి ఒక మాట చెప్పాలి. ఆలోచన మంచిది. తెలియని పేజీ పక్కన తెలిసిన పేజీ ఉంటుంది. తెలుగు పేజీ పిల్లలకు నిజంగానే తెలిసినదైతే! 'ఎవాపరేషన్' అర్థం కాక ఎదుటి పేజీ చూసిన పిల్లలకు అక్కడ 'బాష్పీభవనం' కనిపిస్తే, ఒక తాళం తీయడానికి ఇంకో తాళం ఇచ్చినట్టే. నేనూ ఒకప్పుడు 'కిరణజన్య సంయోగక్రియ'ను నాలుగు ముక్కలుగా విరిచి బట్టీ పట్టినవాణ్నే. ఆ ముక్కలకు విడివిడిగా అర్థం ఉందని, కిరణం వల్ల పుట్టే కలయిక అని, డిగ్రీ అయిపోయాక గానీ తట్టలేదు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు కష్టమే, కాని అవి విప్పితే విడివడతాయి. విప్పి చూపించకపోతే మాత్రం ఇంగ్లిష్ మాట కంటే ఒక్క మెట్టు కూడా దగ్గర కావు.

బాష్పీభవనానికి మన దగ్గర మంచి మాటే ఉంది: ఇగిరిపోవడం. కూర ఇగురుతుంది, చెరువు ఇగురుతుంది. టెక్కలికి దగ్గరలోని నౌపడా ఉప్పు మడుల్లో సముద్రపు నీరు ఎండకు ఇగిరి ఉప్పు మిగులుతుంది. ఆ వైపు పిల్లలు ఏటా వేసవిలో చూసేదే. ఇగరడం, దాని తర్వాత బాష్పీభవనం, ఆ తర్వాత ఎవాపరేషన్. ఈ వరసలో వెళ్తే మూడు మాటలూ ఒకే మడిలోకి వచ్చి చేరతాయి. 'ఆవిరి అయిన నీళ్లు ఎక్కడికి పోయాయి? ఉప్పు ఎందుకు పోలేదు?' అన్న ప్రశ్న అడిగితే పాఠం కూడా అయిపోయినట్టే.

ఇది మార్కుల గోలేనా?

కాదు. ఉద్దానంలో దీనికి ఇంకో లెక్క ఉంది.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ వ్యాధి ఇళ్లను పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇక్కడి పిల్లలకు క్రియాటినిన్, డయాలసిస్ అనే మాటలు చిన్నప్పుడే చెవిన పడతాయి. పెద్దలు వాటిని గొంతు తగ్గించి పలుకుతారు కాబట్టి అవి భయపడాల్సిన మాటలని కూడా తెలుస్తుంది. అవేమిటో మాత్రం తెలియదు. ఇక బడిలో 'మూత్రపిండాలు' అని చదువుతారు. ఇంట్లో నాన్నకు పాడైన కిడ్నీ, పుస్తకంలో బొమ్మ ఉన్న మూత్రపిండం ఒకటేనని ఎవరైనా చెబితే సరి, చెప్పకపోతే అవి రెండూ రెండు లోకాల్లో ఉండిపోతాయి.

దీనికి అవసరమైన మాట పిల్లలు ముందే నేర్చుకుని ఉంటారు: వడపోత. మట్టినీళ్లను గుడ్డతో వడకట్టడం చిన్న తరగతుల్లోనే వస్తుంది. ఊళ్లో ఆర్‌వో ప్లాంటు నుంచి తెచ్చుకునే నీళ్లదీ వడపోతే. కిడ్నీ చేసేదీ అదే, రక్తాన్ని వడపోయడం. కండరాలు పని చేసినప్పుడు తయారయ్యే ఒక వ్యర్థం క్రియాటినిన్. కిడ్నీ దాన్ని మూత్రంలోకి పంపేస్తుంది. వడపోత మందగిస్తే అది రక్తంలో పేరుకుంటుంది. అందుకే రక్తపరీక్షలో ఆ అంకె చూస్తారు. వడపోత పని యంత్రం చేస్తే అది డయాలసిస్. ఐదో తరగతి పిల్లలకు అర్థం కాని ముక్క ఇందులో ఏమైనా ఉందా? చాలా ఇళ్లలో ఆసుపత్రి చీటీ చదివి చెప్పేది ఆ పిల్లలే.

తుపాను మాటలూ అలాంటివే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. 'తీరం దాటింది' అనే మాట విన్నవారికి ముప్పు దాటిపోయిందని అనిపించవచ్చు. నిజానికి తుపాను సముద్రం మీద నుంచి నేల మీదికి వచ్చిందని దానర్థం, అంటే గాలి ముమ్మరంగా ఉన్నది అప్పుడే. 'అల్పపీడనం'లోని పీడనం గాలి ఒత్తిడి అని, ఎవరినో పీడించడం కాదని విడమరిచి చెప్పాలి. ఫోన్‌కు వచ్చే హెచ్చరిక మెసేజ్ ఈ మాటలతోనే ఉంటుంది.

టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, రంగు కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్లు కడతాయి. పాఠంలో దాన్ని 'వలస' అంటారు. ఉద్దానంలో వలస అంటే నాన్న పనికోసం చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లడం. పక్షుల వలసకు, మనుషుల వలసకు పోలిక ఎంత, తేడా ఎంత అన్నది నాలుగో తరగతిలో ఒక పూటంతా మాట్లాడించదగిన విషయం. టీచరు కాస్త మెత్తగా అడగాలి, తరగతిలో నాన్న ఊళ్లో లేని పిల్లలు ఎంతమందో ముందే తెలుసుకుని.

తెలుగు కూడా ఇంటి భాష కాని పిల్లల మాటేమిటి?

జిల్లా సరిహద్దు మండలాల్లో ఒడియా మీడియం బడులున్నాయి. మందస కొండల వైపు సవర మాట్లాడే పిల్లలున్నారు. వాళ్లకు తెలుగు పేజీ మొదటి మెట్టు కాదు, రెండోది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల తొలి సంవత్సరాల్లోనే సవర సహా కొన్ని గిరిజన భాషల్లో ఒకటో తరగతి మొదలుపెట్టి, మెల్లగా తెలుగులోకి తీసుకెళ్లే కార్యక్రమం మొదలైంది.

అంతకు వందేళ్ల ముందే ఈ పని నెత్తికెత్తుకున్న మాస్టారు ఇక్కడివారే. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకున్నారు, సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటమే అందరికీ గుర్తు. ఆ రెండు పనులకూ మూలం ఒకటే: పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న భాషతోనే చదువు మొదలవ్వాలన్నది.

బడిలో ఏం జరిగితే బాగుంటుంది?

రోజుకో ఇంగ్లిష్ మాట నేర్పే కార్యక్రమాలు మన బడుల్లో వచ్చాయి. పిల్లలకిచ్చే కిట్లలో బొమ్మల నిఘంటువులు, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులు కూడా ఇచ్చారు. ఇవి అక్కరకొచ్చేవే. కాకపోతే ఆ రోజు మాటకు, ఆ రోజు పాఠానికి పొత్తు ఉండాలి. బోర్డు మీద మాట 'బ్యూటిఫుల్' అయి, పాఠం 'నీటి చక్రం' అయితే రెండూ నిలవవు.

పాఠానికి నాలుగైదు మాటలు చాలు. ముందు వస్తువు లేదా అనుభవం, తర్వాత పిల్లల మాట, తర్వాత పుస్తకం మాట, చివరికి ఇంగ్లిష్ మాట. ఈ వరస తిరగబడకూడదు. 1969లో అమెరికాలో డొరొతీ ఫ్రేయర్ బృందం ఒక చిన్న పద్ధతి పెట్టింది. కాగితాన్ని నాలుగు గళ్లు చేసి, ఆ మాటకు అర్థం, దాని లక్షణాలు, ఒక ఉదాహరణ, ఉదాహరణ కానిది ఒకటి రాయిస్తారు. నాలుగో గడి అన్నిటికంటే ముఖ్యం. 'జీడి ఎర్రకాయ పండు కాదు' అని రాయగలిగిన పిల్లకు పండు అంటే ఏమిటో తెలిసినట్టే. అదే మాట వారం తర్వాత ఇంకో పాఠంలో మళ్లీ వినిపించాలి, పిల్లల నోటితో వాక్యంలో రావాలి. ఒకసారి విని వదిలేసిన మాట నిలవదు.

ఓపిక కూడా కావాలి. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ పరిశీలన ప్రకారం కొత్త భాషలో కబుర్లు చెప్పడం రెండేళ్లలో వస్తుంది, ఆ భాషలో పాఠం చదివి ఆలోచించడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. మీ పాప గలగలా ఇంగ్లిష్ మాట్లాడుతుంటే సైన్సు కూడా ఇంగ్లిష్‌లో అర్థమవుతోందని అనుకోకండి.

తల్లిదండ్రులుగా మీరేం చేయొచ్చు?

మీరు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటే మీ సమస్య ఉద్దానానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్కడ వస్తువు ఉంది, మాట లేదు. మీ ఇంట్లో మాట ఉంది, వస్తువు లేదు. 'సీడ్ జర్మినేషన్' అని గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లలు జీడిపప్పును ప్యాకెట్‌లో తప్ప చూసి ఉండరు. తడిగుడ్డలో గుప్పెడు పెసలు మూటకట్టి రెండు రోజులు ఉంచండి.

'దీన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారు?' అని అడగడం తగ్గించి, 'ఇదేంటో నీ మాటల్లో చెప్పు, మనింట్లో ఎక్కడుందో చూపించు' అని అడగండి. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి. దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి. ఉచితమే, కానీ పక్కన కూర్చుని చూడండి.

ప్రభుత్వ బడి అయితే తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్-టీచర్ మీటింగ్ పెట్టారు, 2025 జులైలో మళ్లీ జరిగింది. ఇలాంటి మీటింగుల్లో ఎక్కువమంది అడిగేది మార్కుల గురించి. ఈసారి వెళ్లినప్పుడు నోటు పుస్తకం తెరిచి, అందులో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇది మా వాడికి ఎలా చెప్పారు మాస్టారూ?" అని అడిగి చూడండి. టీచరు మిమ్మల్ని కూర్చోబెట్టి ఉప్పు మడి గురించో జీడి పిక్క గురించో చెప్పడం మొదలుపెడితే, ఆ తరగతి గురించి మీరు పెద్దగా దిగులు పడక్కర్లేదు.